తాళపత్రములకు ప్రాణదాత - బ్రౌను దొర

గ్రంథాలయ రజతోత్సవ సమయమున గ్రంథకర్తలను స్మరించుట పరిపాటి. వారు వ్రాసినదానిని చెదలనుండియు చెమ్మనుండియు కాపాడి మన చేతికందించినవారిని స్మరించుట మాత్రము అరుదు. అట్టివారిలో అగ్రగణ్యుడగు చార్లెసు ఫిలిప్ బ్రౌను చరిత్రమును పాఠక మహాశయులకు విన్నవింపదలచితిని. నేను కళాశాలలో చదివినవాడను కాను. ఊరి లెక్కలు వ్రాయుట నా వృత్తి. ఈ గ్రంథాలయమే నా పాఠశాల. దోషములున్నచో పెద్దలు మన్నింతురుగాక.

మన పూర్వులు తాటాకుపై గంటముతో వ్రాసి, అక్షరములు కనబడుటకై మసి పూసెడివారు. ఆకు ఎంత మేలైనదైనను శాశ్వతము కాదు. మన డెల్టా సీమలో వానలు, కాలువల చెమ్మ, చెదలు, పురుగులు అన్నియు దానికి శత్రువులే. కావున శిథిలమగుచున్న ప్రతిని చూచి క్రొత్త ఆకులపై మరల వ్రాయవలెను. ఒక్క తరమువారు ఆ పని మానిరేని ఆ గ్రంథమునకు నూకలు చెల్లినట్లే. కావ్యములకే గాక కరణముల కవిలెలకును ఇదే గతి. గ్రామముల సరిహద్దులు, మాన్యములు, దేవాలయముల వృత్తులు, ప్రభువుల వంశక్రమము మొదలగునవి దండకవిలెలలో వ్రాసియుంచుట పూర్వపు కరణముల ఆచారము.

ఈ కవిలెల విలువ నెరిగిన దొరలలో కల్నలు కాలిన్ మెకంజీ మొదట చెప్పదగినవాడు. ఆయన 1783లో చెన్నపట్టణమునకు వచ్చి, 1815లో భారతదేశ సర్వేయరు జనరలు పదవి నందెను. ఏలూరి వాస్తవ్యులగు కావలి బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి సోదరులు ఆయనకు కుడిభుజములైరి. ఊరూర కరణములను అడిగి, కవిలెలను చూచి వ్రాయించి తెచ్చిన గ్రామచరిత్రములే కైఫీయతులని ప్రసిద్ధి కెక్కినవి. 1821లో మెకంజీ మరణించెను. ఆయన కూర్చిన రాశిలో కొంతభాగము చెన్నపట్టణమునకు చేరినను, దానిని పట్టించుకొనువారు లేక కాగితములు శిథిలము కాజొచ్చెను.

బ్రౌను 1798లో కలకత్తాలో జన్మించెను. తండ్రి క్రైస్తవ మతబోధకుడు. ఇంగ్లండులో చదువు ముగించి 1817లో కంపెనీ కొలువునకై చెన్నపట్టణమున దిగెను. అచ్చటి కళాశాలలో వెలగపూడి కోదండరామ పంతులు వద్ద తెలుగు ఓనమాలు దిద్దెను. 1820లో కడపలో ఉద్యోగమున చేరి, పిదప మన మచిలీపట్టణమునకు మారెను. ఆ పట్టణమున నున్న కాలముననే, 1824లో, డుబాయి అను ఫ్రెంచి మతాచార్యుని గ్రంథమున వేమన ప్రసక్తి చూచి, ఆ కవి పద్యములకై వెదకుట కారంభించెను. ఆయన జీవితమును మలుపు త్రిప్పిన వెదకులాట అది. మన జిల్లా ముఖ్యపట్టణమున నది మొదలగుట మనకు గర్వకారణము.

దొరకిన ప్రతులలో ఒకదానికొకటి పొంతన లేకుండెను. ఒక ప్రతిలోని పద్యము వేరొక ప్రతిలో లేదు. ఉన్నను పాదములు తారుమారు. నా వృత్తిలోనివారికి ఈ చిక్కు సులభముగా బోధపడును. చిట్టానుండి ఆవర్జాకు ఎక్కించునపుడు ఒక్క అంకె తప్పినచో ఆ తప్పు ఏటేట వెంట వచ్చును. దానిని పట్టుకొనవలెనన్న మొదటి కాగితము వరకు పోవలెను. బ్రౌనును అట్లే చేసెను. ఒక గ్రంథమునకు వీలైనన్ని ప్రతులు తెప్పించి, పండితులచే సరిచూపించి, పాఠభేదములు గుర్తించి, శుద్ధప్రతి వ్రాయించెను. 1829లో వేమన పద్యములు 693 ఆంగ్లానువాదముతో అచ్చువేయించెను. వాత్యం అద్వైత బ్రహ్మయ్య, జూలూరి అప్పయ్య మొదలగు పండితులు ఈ కృషిలో ఆయనకు తోడ్పడిరి. కడపలో తన బంగళాలోనే పండితులకును లేఖకులకును తావిచ్చి, తన జీతమునుండియు, చాలనపుడు అప్పు తెచ్చియు వారికి వేతనము లిచ్చెను.

1830వ దశకపు నడుమ ఆయన కొన్నియేండ్లు లండనులో గడపెను. అచ్చట కంపెనీవారి గ్రంథాలయమున దక్షిణదేశపు వ్రాతప్రతులు చదువువారు లేక పడియుండుట చూచెను. అవి 1811లో మరణించిన లేడెను అను పండితుడు సేకరించినవి. వాని చోటు లండను కాదని అధికారులకు నచ్చజెప్పి, చెన్నపట్టణమునకు మరల పంపునట్లు చేసెను. 1838లో తానును తిరిగివచ్చి, శిథిలమగుచున్న మెకంజీ కైఫీయతులను క్రొత్త కాగితములపై ఎత్తి వ్రాయించెను. మూలములు చెడిన పెక్కు గ్రామముల చరిత్రములు ఈ ప్రతుల వలననే మనకు మిగిలినవి. పిదప తన వ్రాతప్రతులన్నియు మద్రాసు లిటరరీ సొసైటీకి దానమిచ్చెను. మెకంజీ, లేడెను, బ్రౌనుల సంచయములు మూడును చెన్నపట్టణపు ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తకాలయమునకు పునాది యైనవి. 1852లో వెలువడిన ఆయన నిఘంటువును ఎరుగని తెలుగు చదువరి లేడు. 1855లో కొలువు విడచి, లండనులో కొంతకాలము తెలుగు ఆచార్యుడుగా నుండి, 1884లో కీర్తిశేషుడయ్యెను.

మన కాలమున తాటాకు పోయి యంత్రము వచ్చినది. చిత్తూరు సీమలోని కాటూరున 1937లో జన్మించి, కంప్యూటరు శాస్త్రమున 1994లో ట్యూరింగు పురస్కార మందిన ఆచార్య రాజ్ రెడ్డిగారు, పదిలక్షల గ్రంథములను ఛాయాప్రతులుగా కంప్యూటర్లలో నిలుపు ఉద్యమమునకు నాయకత్వము వహించిరి. 2007 నాటికి ఆ గ్రంథములు పదునైదు లక్షలకు చేరినవి. వానిలో తెలుగు గ్రంథములును వేలకొలది కలవు. అయినను, వానిని మన దేశమున చూపుచుండిన వెబ్‌సైటు కొన్నియేండ్లకు మూతపడెను. ముందుచూపు గలవారు వేరొకచోట ప్రతులు తీసి యుంచుటచే అవి నేటికిని దొరకుచున్నవి. యంత్రమున నున్నను ప్రతికి మరల ప్రతి కావలెను. ఒకచోట నున్నది చాలదు. బ్రౌను నేర్పిన పాఠము మారలేదు.

తుదకు నా యింటి మాట యొకటి విన్నవింతును. మా తాతగారు కరణీకము చేసిరి. వారి యటకపై ఒక పెట్టెడు కవిలెకట్టలుండెడివి. చదువువారు లేక, చెదలు పట్టినవని, మా యింటివారే వానిని పుష్కర సమయమున భక్తితో కృష్ణలో కలిపిరి. 1984లో కరణీకములే రద్దయ్యెను. ఆ కట్టలలో మన యూరిని గూర్చి ఏమి వ్రాసియుండెనో నేడు చెప్పగలవారు లేరు. ఊరి లెక్కలన్నియు వ్రాయు నాకు ఆ లెక్క మాత్రము తేలలేదు.

కావున సోదర గ్రామస్థులకు నా మనవి. మీ యిండ్ల అటకలపై తాటాకు కట్టయో, పాత దస్తావేజో, పెద్దల ఉత్తరమో యున్నచో నీటిపాలు చేయక ముందు ఒక్కసారి గ్రంథాలయమునకు తెండు. ప్రతి తీసుకొని మూలమును మీకే యిత్తుము. తీసిన ప్రతిని రెండుచోట్ల భద్రపరుతము. పరదేశమున బుట్టిన తల్లిదండ్రుల బిడ్డడు మన తాటాకులకై అప్పులపాలయ్యెను. మనము అటక యెక్కి దిగుట యొక బరువా? రజతోత్సవము జరుపుకొనుచున్న మన గ్రంథాలయము స్వర్ణోత్సవము నాటికి ఈ యూరి చరిత్రను తన బీరువాలో చూపగలుగుగాక!