ఆళ్లగడ్డ దారిలో పొడుగు పదాలు

ప్రపంచంలోకెల్లా పొడవైన పదమనగానే మనవాళ్లు గర్వంగా తిరుమలాంబ పేరెత్తుతారు. అచ్యుతదేవరాయల ఆస్థానానికి చెందిన ఈ విదుషి సంస్కృతంలో రచించిన వరదాంబికాపరిణయ చంపువులో, కంచి పరిసరాల తొండైమండలాన్ని వర్ణించే సమాసమొకటి గిన్నిస్ పుస్తకానికెక్కింది. నాగరిలిపిలో 195 అక్షరాలు, రోమను లిపిలో 428. అది నిజంగా ఒక్క పదమేనా, లేక పదాల మూటా?

పాణినినడిగితే పదమే. సమాసంలో లోపలి విభక్తులు సాధారణంగా లోపించి, చివర ఒక్కటే నిలుస్తుంది. పొడవుకు ఆయన హద్దు పెట్టలేదు. 1935లో అమెరికాలో ఎవరెట్ స్మిత్ అనే పదక్రీడాసంఘాధ్యక్షుడు ఒక ఊపిరితిత్తుల జబ్బుకు 45 అక్షరాల పేరును కేవలం పొడవు కోసమే పుట్టించాడు. తిరుమలాంబను ఆ గాటన కట్టలేను. ఆమె సమాసంలో మామిడితోపు నీడ ఉంది, వట్టివేళ్ల చలివేంద్రం ఉంది, ఏలకులూ కర్పూరమూ వేసిన చల్లని నీళ్లున్నాయి, బాటసారుల దప్పిక ఉంది. వేసవిలో నంద్యాల చూసినవారికి ఆ పొడవు ఎందుకో వేరే చెప్పనక్కరలేదు!

అయితే అక్షరాలు కలిసి ఉన్నంతమాత్రాన పదమైపోదు. ఆళ్లగడ్డ దగ్గరి అహోబిలంలో కృష్ణదేవరాయల శాసనముంది. ఆ కాలపు శాసనాల్లో మాటకూ మాటకూ నడుమ ఎడం వదలరు. మహారాజాధిరాజ, రాజపరమేశ్వర, మూరురాయరగండ అంటూ విజయనగర ప్రభువుల బిరుదులు ఒకే వరుసగా సాగిపోతాయి. దాన్ని కొలిచి పొడుగు పదమనడం నాకు సమ్మతం కాదు. ఒక బిరుదు తీసేసినా తక్కినవి చెక్కుచెదరవు. తిరుమలాంబ సమాసంలో నడిమి మాట లాగేస్తే చలివేంద్రమే కూలుతుంది.

ఆ ఎడం లేకపోవడాన్నే విద్యగా మలచుకున్నవాడు పింగళి సూరన. నంద్యాల కృష్ణరాజుకు కళాపూర్ణోదయం అంకితమిచ్చిన ఈ 16వ శతాబ్ది కవి, రాఘవపాండవీయంలో చాలాచోట్ల అవే అక్షరాలను ఒకలా విరిస్తే రామకథ, మరోలా విరిస్తే భారతకథ వచ్చేట్టు రాశాడు. అక్కడ పదం ఎక్కడ ముగుస్తుందో లిపి చెప్పదు, చదివేవాడే తేల్చుకోవాలి.

ఇక పొడుగు మాటలు పండితుల సొత్తేమీ కాదు. మా వైపు "చేయించుకోలేకపోతాండానంటాండాడు" అనడం మామూలే. 13 అక్షరాలు, ఊపిరి ఒక్కటే. వ్యాకర్త దీన్ని రెండు క్రియల సంధిగా విడదీస్తాడు, విడదీయనివ్వండి. మొదటి క్రియకే 10 అక్షరాలు మిగులుతాయి. అందులో 'చేయు' ధాతువూ, ప్రేరణా, తనకోసమన్న భావమూ, అశక్తతా, జరుగుతున్న కాలమూ, 'నేను' అన్న ప్రత్యయమూ ఇమిడి ఉన్నాయి. గిన్నిస్ వారికి పంపదగిన పొడవు కాదు గానీ, నిఘంటువు తిరగేయకుండా ఆళ్లగడ్డ బస్టాండులో ఎవరైనా అనగలరు, ఎవరైనా అర్థం చేసుకోగలరు.