మేత లేని మైదానాలు

టెక్సాస్ అనగానే మనవాళ్ళకి గుర్తొచ్చేవి ఆయిల్ బావులూ, కౌబాయ్ టోపీలూ. ఆ టోపీల వెనకున్నది నిజానికి గడ్డి కథ. అనంతపురం జిల్లా నుంచి వచ్చి, డాలస్‌లో ప్రోగ్రాములు రాసుకు బతుకుతున్న నాకు ఆ కథ మీద ఆసక్తి కలగడంలో వింతేమీ లేదు. మా సీమలో రైతు స్తోమతుని కళ్ళంలోని గడ్డివామిని చూసి అంచనా కట్టేవారు.

1865లో అంతర్యుద్ధం ముగిశాక ఇక్కడి పశువుల యజమానులకి వామి అవసరమే కనబడలేదు. కనుచూపు మేరా కంచెల్లేని నేల, పచ్చిక ఉచితం. చలికాలంలోనూ ఎండుగడ్డి ఏరుకుని పశువు బతికేస్తుందని నమ్మారు. ఇంగ్లండు, స్కాట్లండుల నుంచి కూడా పెట్టుబడులు వచ్చిపడ్డాయి. నేల ఎన్ని పశువుల్ని మేపగలదో చూడకుండా మందలు పెంచుకుంటూ పోయారు.

చలిగాలికి వీపు తిప్పి ఉత్తరాది పశువులు దక్షిణానికి వచ్చి తమ పచ్చిక మేసేస్తున్నాయని, టెక్సాస్ ఉత్తర కొసన యజమానులు 1885 నాటికి సుమారు 200 మైళ్ళ ముళ్ళకంచె వేశారు. 1886 జనవరిలో మంచు తుఫాను విరుచుకుపడింది. నడిచి నడిచి వచ్చిన పశువులు కంచె దగ్గర ఆగిపోయాయి. ముందుకి దారి లేదు, వెనక్కి తిరిగితే ఎదురుగాలి. వేలకొద్దీ అక్కడే చచ్చాయి.

మరుసటి చలికాలం మోంటానా, వయోమింగ్, డకోటాల వంతు. వేసవిలో వానల్లేక పచ్చిక అప్పటికే మాడిపోయింది. మిగిలిన కాస్త గడ్డి మీదా మంచు పలకలా బిగుసుకుంది. తర్వాత అమెరికా అధ్యక్షుడైన థియోడర్ రూజ్‌వెల్ట్‌కి డకోటాలో ఉన్న మందలో సగానికి పైగా పోయింది. మంద ఎలా ఉందని మోంటానాలో ఓ యజమాని ఉత్తరం రాస్తే, చార్లీ రసెల్ అనే కౌబాయ్ జవాబుగా ఓ చిన్న బొమ్మ గీసిచ్చాడు. మంచులో ఎముకల గూడులా నిలబడ్డ ఆవు, చుట్టూ కాచుకున్న కయోటీలు. అంతకన్నా వివరం అక్కర్లేకపోయింది.

ఆ చావుల తర్వాతే మందలు తగ్గించుకోవడం, గడ్డి పెంచి, కోసి, ఎండబెట్టి దాచుకోవడం బాగా పెరిగింది. మా తాతలకి పుట్టుకతో తెలిసిన సంగతి అది.

దాచుకున్నా చాలని కాలమొకటి ఉంటుంది. 1950 నుంచి 1957 దాకా టెక్సాస్‌లో కరువు. 1956 చివరికి 254 కౌంటీల్లో 244 కరువు ప్రాంతాలే. గడ్డి కొనలేని రైతులు నాగజెముడు ముళ్ళు మంటతో కాల్చి ఆవులకి పెట్టారు. 1957 జనవరిలో అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ శాన్ ఏంజెలో వచ్చి చూశాడు. ఆ వసంతంలో వానలు వరదలై వచ్చాయి.

ఇదంతా చదువుతుంటే నాకు 1876–78 నాటి ధాత కరువు గుర్తొస్తుంది. 1887లో దివాలా తీసిన విదేశీ కంపెనీకి పోయింది పెట్టుబడి. సీమ రైతుకి పోయింది కాడెద్దులు. ఎద్దులు చస్తే, వాన కురిసిన ఏడాది కూడా దున్నే దిక్కుండదు. మనుషుల కరువు తీరాలంటే ముందు పశువుల కరువు తీరాలి. అయినా సర్కారు లెక్కల్లో గింజ ముందు, గడ్డి తర్వాత.

2011లో టెక్సాస్ మళ్ళీ ఎండిపోయినప్పుడు, ఇతర రాష్ట్రాల నుంచి గడ్డి చుట్టలతో లారీలు వచ్చాయి. చాలామంది మేపలేక మందలు అమ్ముకున్నారు. రోడ్లూ, డబ్బూ ఉన్న దేశంలోనే ఇలా ఉంటే, నాలుగు గొర్రెల్ని తోలుకుని ఊరూరా తిరిగే కాపరి సంగతేమిటి? మా జిల్లాలో ఒకప్పుడు జొన్న, కొర్ర వేసేవారు. గింజ మనిషికి, చొప్ప పశువుకి. ఇప్పుడు చాలా చేలల్లో చీనీ తోటలున్నాయి. చీనీ చెట్టు డబ్బిస్తుంది, చొప్పనివ్వదు. ఏ పంట లాభమో లెక్కగట్టేటప్పుడు ఆ చొప్ప ఖరీదు కూడా కలిపి చూడమని మన వ్యవసాయ నిపుణులకి నా మనవి.