డిజిటల్ పుస్తకాల మెటాడేటా: చరిత్ర

స్కాన్ చేసిన పుస్తకం కంప్యూటర్‌కు కొన్ని వందల బొమ్మలే. ఆ బొమ్మలు ఏ పుస్తకానివి, ఎవరు రాశారు, ఏ ముద్రణాలయం ఏ ఏడు అచ్చువేసింది అన్న సంగతులను విడివిడి గళ్లలో నింపితే అది మెటాడేటా అవుతుంది. పాఠకుడు పుస్తకం పేరు కొట్టి వెతికేది ఈ గళ్లలోనే. ఇక్కడ తప్పు పడితే పుస్తకం సర్వర్‌లో ఉన్నా లేనట్టే.

ఈ గళ్ల ఆలోచన కంప్యూటర్ల కంటే చాలా పాతది. 1841లో బ్రిటిష్ మ్యూజియం గ్రంథాలయం కోసం ఆంటోనియో పనిజీ 91 కేటలాగు నియమాలు ప్రకటించారు. తర్వాత చాలాకాలం గ్రంథాలయాలు కార్డుల మీదే నడిచాయి. ఆ కార్డును యంత్రం చదివేలా మార్చిన ఘనత హెన్రియెట్ ఏవ్రమ్‌ది. ఆమె ప్రోగ్రామర్, లైబ్రరీ సైన్స్ చదివిన మనిషి కాదు. 1965లో అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో చేరారు. మరుసటి ఏడే 16 గ్రంథాలయాలతో ప్రయోగం మొదలైంది. 1968 కల్లా యంత్రం చదివే ఈ కేటలాగు అమరిక ‘మార్క్’ పేరుతో స్థిరపడింది.

మార్క్ అమరిక ఇప్పటికీ ముచ్చటగొలుపుతుంది. ఒక పుస్తకం పేరు రెండక్షరాలే కావచ్చు, మరోదాని పేరు రెండు వరుసలు పట్టవచ్చు. అన్నిటికీ ఒకే కొలతలో చోటు కేటాయిస్తే మాగ్నెటిక్ టేపు దండగ. అందుకని రికార్డు మొదట్లో 24 అక్షరాల శీర్షభాగం, దాని వెంట ఒక సూచిక పెట్టారు. సూచికలో ఒక్కో పద్దుకు 12 అంకెలు: మొదటి 3 అంశం సంఖ్య, తర్వాతి 4 దాని పొడవు, చివరి 5 అది మొదలయ్యే చోటు. 100 అంటే రచయిత, 245 అంటే పుస్తకం పేరు. నేటికీ గ్రంథాలయాలు వాడేది ఈ సంఖ్యలనే.

వెబ్ వచ్చాక చాలామందికి మార్క్ బరువనిపించింది. 1995లో ఒహాయో రాష్ట్రంలోని డబ్లిన్‌లో జరిగిన సమావేశంలో ‘డబ్లిన్ కోర్’కు బీజం పడింది. అందులో 15 అంశాలే. ఎవరైనా నింపగలరు, ఎలాగైనా నింపగలరు.

ఆ రెండో సంగతి తెలుగు పుస్తకాలకు గట్టిగా తగిలింది. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి, కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం నుంచి మిలియన్ బుక్స్ ప్రాజెక్టును ముందుండి నడిపించారు. మన దేశంలో అది డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా అయింది. బెంగళూరు ఐఐఎస్‌సీ, హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ వంటి సంస్థలు చేయి కలపగా వేలాది తెలుగు పుస్తకాలు స్కాన్ అయ్యాయి. తెలుగు చదువరులకు ఇంతటి మేలు చేసిన పని మరొకటి అరుదు. వివరాలను మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లో, ఒక పద్ధతంటూ లేకుండా టైపు చేశారు. దీర్ఘానికి ఒకచోట ఒకే ‘ఎ’, మరోచోట రెండు. సున్నకు ఒకరు ‘ఎన్’ కొడితే ఇంకొకరు ‘ఎమ్’ కొట్టారు. ఈ ప్రతులు తర్వాత ఇంటర్నెట్ ఆర్కైవ్‌కు చేరాయి, ఆ తప్పులూ వాటి వెంటే వెళ్లాయి.

వెతికే యంత్రం దీన్ని సర్దలేదు. లూసీన్, సోలర్ వంటి సాఫ్ట్‌వేర్లు ఏ మాట ఏ పుస్తకంలో, ఏ గడిలో ఉందో ముందే జాబితా వేసి పెట్టుకుంటాయి. ప్రత్యేకంగా నేర్పితే తప్ప, ఒక్క అక్షరం మారినా వాటికి అది వేరే మాట.

2008లో మొదలైన, అమెరికా విశ్వవిద్యాలయాల ఉమ్మడి డిజిటల్ గ్రంథాలయం హాతీట్రస్ట్‌లో ఈ బాధ తక్కువ. ధాన్యం అమ్మకపు రూపాయలతో పుస్తకాలు కొన్న పీఎల్ 480 పథకం కింద అమెరికా విశ్వవిద్యాలయాలకు చేరిన తెలుగు పుస్తకాలకు అక్కడి కేటలాగర్లు ఒకే లిప్యంతరీకరణ పట్టిక పాటించారు. పైగా మార్క్‌లోని 880వ అంశం పక్కనే తెలుగు లిపినీ రాయనిస్తుంది.

సంవత్సరం గడిది మరో చిక్కు. పాత తెలుగు పుస్తకాల ముఖపత్రం మీద ఒక్కోసారి ప్రభవ, విభవ అన్న పేరు తప్ప క్రీస్తు శకం ఉండదు. ప్రభవ 1867లో వచ్చింది, 1927లోనూ వచ్చింది. ముద్రణాలయం పేరు, పీఠిక రాసినవారి కాలం చూసి అది ఏ ప్రభవో కేటలాగరే తేల్చాలి. తేలనప్పుడు సంవత్సరం పక్కన ప్రశ్నార్థకం పెట్టడానికి గ్రంథాలయ నియమాలు ఒప్పుకుంటాయి. అంకెలు తప్ప మరేదీ పుచ్చుకోని గడిలో ఆ వీలు లేదు. అక్కడ కేటలాగర్ ఊహే ఖరారైన సంవత్సరంగా నమోదవుతుంది.