నార్తాంప్టను నుండి శ్వేతభవనమునకు

చిన్న పట్టణపు మేయరు దేశాధ్యక్షుఁ డగుట యరుదు. అమెరికాలోని నార్తాంప్టను పట్టణమునకు 1910లో మేయరైన కాల్విన్ కూలిడ్జి యట్టివాఁడు. మితభాషి, సంప్రదాయప్రియుఁడు నగు నీతఁడు రెండేండ్లలోఁ బన్నులు తగ్గించి, పట్టణఋణము కొంత తీర్చి, ఉపాధ్యాయుల జీతములు సైతము పెంచెను.

1919లో నీతఁడు మసాచుసెట్సు గవర్నరుగా నుండఁగా, జీతములు చాలకయు, సంఘముగాఁ గూడ ననుమతి లేకయు బోస్టను పోలీసులు సమ్మె కట్టిరి. ప్రజారక్షణకు భంగకరమగు సమ్మెకు హక్కెవ్వరికిని లేదని యీతఁడు ప్రకటించెను. ఆ మాటయే నిచ్చెన యయ్యెను. 1920లో ఉపాధ్యక్షపదవికి నెన్నికయ్యెను. 1923లో హార్డింగు మరణింపఁగా, వెర్మాంటు పల్లెయింట నడిరేయి కిరసనాయిలు దీపపు వెలుఁగునఁ దండ్రియే యధ్యక్షప్రమాణము చేయించెను.

సమ్మె కట్టిన వేయిమందికిఁ బైగా పోలీసులకు మరల నా కొలువు దొరకలేదు; వారు కోరిన హెచ్చుజీతము వారి స్థానమున వచ్చిన క్రొత్తవారికి దక్కెను. కూలిడ్జి యున్నతిని దలఁచునపుడు ఈ లెక్కయుఁ జూడవలెను.