ఉక్కు మనుషులు కాదు, ఉప్పూ నీళ్లూ ఉన్న మనుషులు: తొలి ఐరన్‌మ్యాన్ పోటీ కథ



ఈ మధ్య మన నగరాలలో నలభై దాటిన ఉద్యోగులు పలువురు మారథాన్ పరుగుతో తృప్తి పడక, ఈత, సైకిలు, పరుగు మూడింటినీ ఒకే రోజున పూర్తి చేసే ట్రయథ్లాన్ వైపు చూస్తున్నారు. నటుడు మిలింద్ సోమన్ 2015లో, యాభై ఏళ్లు నిండబోతున్న వయసులో, జ్యూరిచ్ నగరంలో ఐరన్‌మ్యాన్ పూర్తి చేసినప్పుడు మన పత్రికలన్నీ ఆ వార్తను ప్రముఖంగా వేశాయి. 2019లో గోవాలో సగం దూరపు ఐరన్‌మ్యాన్ మొదలైంది. నాటి నుంచి నాకు తెలిసినవారిలోనే కొందరు, “డాక్టరు గారూ, ఇది మామూలు మనిషి చేయదగిన పనేనా?” అని అడుగుతున్నారు. ఈ ప్రశ్నకు నేరుగా అవుననో కాదనో చెప్పడం కంటే, ఆ పోటీ ఎలా పుట్టిందో, అందులో కూలిపోయినవారి నుంచి వైద్యశాస్త్రం ఏమి నేర్చుకున్నదో చెప్పడం మేలని తోచింది.

వాదం నుంచి పుట్టిన పోటీ

ట్రయథ్లాన్ అనే ఆట అమెరికాలోని శాన్ డియాగో నగరంలో, మిషన్ బే తీరాన, 1974 సెప్టెంబరు 25న మొదలైంది. అక్కడి పరుగు క్లబ్బువారు సాధనలో విసుగు పోగొట్టడానికి ఏర్పాటు చేసిన చిన్న పోటీ అది. అందులో పాల్గొన్నవారిలో అమెరికా నౌకాదళ అధికారి జాన్ కాలిన్స్, ఆయన భార్య జూడీ కూడా ఉన్నారు. తరువాత ఆ దంపతులు హవాయి ద్వీపాలలోని ఒహాహు ద్వీపానికి మారారు.

1977లో ఆ ద్వీపంలో జరిగిన ఒక పరుగు పోటీ బహుమతుల సభలో వాదం లేచింది. ఈతగాడు గట్టివాడా, పరుగువాడు గట్టివాడా? బెల్జియం సైకిలు వీరుడు ఎడ్డీ మెర్క్స్ ఊపిరితిత్తులు, గుండె కలిసి వాడుకోగల ప్రాణవాయువు పరిమాణం తాము చూసిన క్రీడాకారులందరి కంటే ఎక్కువని ఒక పత్రికలో వచ్చిన సంగతిని కాలిన్స్ గుర్తు చేశారు. అయితే సైకిలువాడే గట్టివాడు కావచ్చునన్నారు. తేల్చడానికి ఒకటే మార్గం కనబడింది. ద్వీపంలో అప్పటికే వేరువేరుగా జరుగుతున్న మూడు పోటీలను ఒకదాని వెంట ఒకటి పెట్టడం. వైకీకీ సముద్రపు ఈత 3.8 కిలోమీటర్లు. ద్వీపం చుట్టూ సైకిలు 180 కిలోమీటర్లు. హొనొలులు మారథాన్ 42.2 కిలోమీటర్లు. సైకిలు పోటీ నిజానికి 115 మైళ్లు. దానిని మూడు మైళ్లు తగ్గిస్తే ఈత ముగిసిన చోట మొదలై పరుగు మొదలయ్యే చోట ముగుస్తుందని కాలిన్స్ లెక్క కట్టారు. నేటికీ ప్రపంచమంతా పాటిస్తున్న 112 మైళ్ల కొలత ఆ దారి లెక్కలోంచి వచ్చినదే. ఏ శరీరశాస్త్ర పరిశోధనా ఆ దూరాన్ని నిర్ణయించలేదు. ఈ సంగతి మీరు గుర్తుంచుకోవాలి. మానవ శరీరానికి ఇంత దూరం తగునని ఏ వైద్యుడూ కొలిచి చెప్పలేదు.

1978 ఫిబ్రవరి 18న పదిహేను మంది వైకీకీ దగ్గర నీటిలో దిగారు. పోటీదారుడికి నీళ్లు, తిండి అందించే పని నిర్వాహకులది కాదు. ఎవరి మనుషులను వారే వెంట తెచ్చుకోవాలి. పన్నెండు మంది గమ్యం చేరారు, ముగ్గురు చేరలేదు. టాక్సీ నడిపే గోర్డన్ హాలర్ 11 గంటల 46 నిమిషాల 58 సెకన్లలో మొదటివాడుగా నిలిచాడు. నౌకాదళ కమాండో జాన్ డన్‌బార్ ఈతలోనూ ఆ తరువాతా ముందున్నాడు కాని, పరుగులో హాలర్ అతడిని దాటిపోయాడు. డన్‌బార్ వెంట వచ్చినవారి దగ్గర నీళ్లు అయిపోయాయట. అప్పుడు వారు అందించినది బీరు. సారాయి పదార్థం మూత్రాన్ని నిలిపి ఉంచే హార్మోనును అణచివేస్తుంది. అంటే నీరు తక్కువైన శరీరం నుంచి ఇంకా నీటిని తోడేస్తుంది. నేటి వైద్య విద్యార్థి ఎవరైనా వద్దని వారించే పని. నాడు వారించేవారు లేరు. అయినా అతడు 12 గంటల 20 నిమిషాలలో రెండవ స్థానంలో ముగించాడు.

పోటీని తలపెట్టిన కాలిన్స్ కూడా పాల్గొన్నారు. ఆయనకు పట్టిన కాలం 17 గంటల 38 సెకన్లు. నేడు పూర్తి దూరపు ఐరన్‌మ్యాన్‌లో సాధారణంగా గడువు 17 గంటలు. ఆ నియమం నాడు ఉండి ఉంటే ఈ పోటీ పుట్టించిన మనిషే 38 సెకన్ల తేడాతో లెక్కలోకి రాకుండా పోయేవాడు.

మరుసటి ఏడాది, 1979లో, లిన్ లెమేర్ ఈ దూరాన్ని పూర్తి చేసిన తొలి మహిళ అయ్యారు. ఆమెకు 12 గంటల 55 నిమిషాలు పట్టింది. తొలి ఏడాది మూడవ స్థానం నుంచి చివరి వరకు వచ్చిన పురుషులంతా ఆమె కంటే నెమ్మదిగా వచ్చినవారే.

ముగింపు గీత ముందర కూలిన అమ్మాయి

1981లో పోటీ ఒహాహు రద్దీని వదలి, అగ్నిపర్వతపు నల్లరాతి నేలల మధ్య ఉన్న కోనాకు మారింది. 1982 ఫిబ్రవరిలో అక్కడ జరిగిన ఒక సంఘటన ఈ ఆటను ఇంటింటికీ చేర్చింది. జూలీ మాస్ అనే 23 ఏళ్ల కళాశాల విద్యార్థిని, వ్యాయామ శరీరశాస్త్రంలో తన చదువు కోసం రాయవలసిన పరిశీలనకై ఇందులో దిగింది. అంత దూరపు పోటీ ఆమెకు అదే మొదలు. మహిళలలో అందరి కంటే ముందు పరుగెత్తుతూ వచ్చి, గమ్యం కనబడుతున్న దూరంలో కాళ్లు సహకరించక కూలిపోయింది. లేచింది, మళ్లీ పడింది. ఆమె నేలమీద ఉండగానే కాథ్లీన్ మెక్‌కార్ట్నీ దాటి వెళ్లి గెలిచింది. జూలీ మోకాళ్లమీద, చేతులమీద పాకుతూ 29 సెకన్ల తరువాత గీతను తాకింది. టెలివిజన్‌లో ఆ దృశ్యం చూసిన వేలమంది మరుసటి ఏడాది నుంచి ఈ పోటీలకు పేర్లు ఇచ్చారు.

చూసినవారు దానిని పట్టుదల అన్నారు. పట్టుదలే, సందేహం లేదు. కాని వైద్యుడిగా నేను ఆ దృశ్యాన్ని చూసినప్పుడు నాకు కనబడేది ఖాళీ అయిన కొట్టు. మన కాలేయంలో సుమారు 100 గ్రాములు, కండరాలలో సుమారు 400 గ్రాములు చక్కెర గ్లైకోజన్ రూపంలో నిలువ ఉంటుంది. గ్రాముకు నాలుగు కేలరీల చొప్పున అంతా కలిపి రెండు వేల కేలరీలు. డెబ్భై కిలోల మనిషి మారథాన్ పరుగు ఒక్కదానికే మూడు వేలకు దగ్గరగా ఖర్చు చేస్తాడు. మూడు అంగాలూ కలిపితే ఎనిమిది, పది వేల కేలరీలు అవసరమవుతాయి. మిగిలినది కొవ్వు నుంచి రావాలి, దారిలో తిన్న తిండి నుంచి రావాలి. కొవ్వు నిలువకు లోటు లేదు కాని, అది నెమ్మదిగా కాలే మంట. రక్తంలో చక్కెర పడిపోతే ముందుగా తడబడేది మెదడు, ఆ వెనుక కాళ్లు.

ఈ విషయం జూలీ పడిపోవడానికి పదహారేళ్ల ముందే స్వీడన్ వైద్యులకు తెలుసు. 1966లో బెర్గ్‌స్ట్రోమ్, హుల్ట్‌మన్ అనే ఇద్దరు ఒకే సైకిలుకు చెరొక వైపున కూర్చుని, ఒక్కొక్కరు ఒక్క కాలితో తొక్కారు. తరువాత సూదితో తమ తొడ కండరపు ముక్కలను తీసి చూసుకున్నారు. తొక్కిన కాలిలో గ్లైకోజన్ అడుగంటింది, తొక్కని కాలిలో నిలిచి ఉంది. అన్నం వంటి పిండిపదార్థాలు తిన్న కొద్ది రోజులకు, ఖాళీ అయిన కాలు మరో కాలి కంటే రెట్టింపు నింపుకున్నది. పరుగుకు ముందు పిండిపదార్థాలు ఎక్కువగా తినే అలవాటు ఆ ప్రయోగం నుంచి వచ్చినదే.

నీరు తక్కువైతే ప్రమాదం, ఎక్కువైతే మరీ ప్రమాదం

నా ఉద్యోగ జీవితమంతా ప్రభుత్వ ఆసుపత్రులలోనే గడిచింది. వేసవిలో అతిసారంతో వచ్చే పసిబిడ్డలకు ఓఆర్ఎస్ పొట్లం మాకు బ్రహ్మాస్త్రం. చిన్నపేగు గోడలో సోడియం, గ్లూకోజు జంటగా లోపలికి పోతాయని 1960లో రాబర్ట్ క్రేన్ చెప్పారు. వాటి వెంట నీరు పోతుంది. 1971లో బంగ్లాదేశ్ శరణార్థులతో నిండిన బన్‌గావ్ శిబిరంలో కలరా చెలరేగినప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబీస్ సెలైన్ సీసాలు అయిపోగా ఉప్పు, చక్కెర కలిపిన నీళ్లు తాగించి వేలమంది ప్రాణాలు నిలిపారు. లాన్సెట్ పత్రిక ఆ సూత్రాన్ని ఈ శతాబ్దపు అతి ముఖ్యమైన వైద్య ఆవిష్కరణ కావచ్చునని రాసినది 1978లో. హవాయిలో పదిహేను మంది నీటిలో దిగిన సంవత్సరమూ అదే. శిబిరంలోని బిడ్డకూ, పోటీలోని వీరుడికీ పేగు ఒకటే.

అయితే క్రీడాలోకం ఆ పాఠంలో సగమే విన్నది. దాహం వేయక ముందే తాగండి, ఎంత పడితే అంత తాగండి అన్న ప్రచారం పెరిగింది. ఫలితంగా కొందరు ఎండి కాదు, నీరెక్కి పడిపోసాగారు. దక్షిణాఫ్రికాలో తొంభై కిలోమీటర్ల కామ్రేడ్స్ పరుగులో అలా పడినవారిని పరిశీలించిన టిమ్ నోక్స్, 1985లో ఈ నీటి విషప్రభావాన్ని వివరించారు. రక్తంలోని సోడియం పలచబడితే మెదడు కణాలు నీరు పీల్చి ఉబ్బుతాయి. వాంతులు, తలనొప్పి, మతి తప్పడం, మూర్ఛ, చివరకు మరణం. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మందిని పరీక్షించగా 13 శాతం మందికి సోడియం తక్కువగా ఉన్నట్టు తేలింది. పరుగు ముగిసేసరికి బరువు పెరిగినవారిలోనూ, నాలుగు గంటలు దాటి నెమ్మదిగా పరుగెత్తినవారిలోనూ ఈ ముప్పు ఎక్కువ. ఇది ఆలోచించదగిన సంగతి. వేగంగా పోయే విజేతకు తాగే తీరిక ఉండదు. మొదటిసారి వచ్చి, నెమ్మదిగా నడుస్తూ, ప్రతి బల్ల దగ్గరా ఆగి రెండు గ్లాసులు తాగే కొత్తవాడికే ఈ ప్రమాదం.

అసలు ముప్పు ఎక్కడ?

ఆఖరి పరుగే అన్నిటికంటే ప్రమాదమని చాలామంది అనుకుంటారు. లెక్కలు మరోలా చెబుతున్నాయి. అమెరికాలో 1985 నుంచి 2016 వరకు ట్రయథ్లాన్ పోటీలలో సంభవించిన 135 మరణాలు, గుండె ఆగిన ఘటనలను వైద్యులు పరిశీలించి 2017లో ప్రచురించారు. వాటిలో 90 ఈతలోనే జరిగాయి. మొత్తం మీద లక్షమందికి ఇద్దరి లోపే. కాని అరవై దాటిన పురుషులలో ఆ సంఖ్య లక్షకు 18.6. శవపరీక్ష జరిగినవారిలో 44 శాతం మందికి చెప్పుకోదగిన గుండె జబ్బు బయటపడింది. చల్లని నీరు, గుంపులో తోపులాట, మొదటి నిమిషాల ఆందోళన, అన్నిటినీ మించి తనకు జబ్బు ఉన్నట్టు తెలియకపోవడం. మన దేశంలో గుండె జబ్బు పాశ్చాత్యుల కంటే పిన్న వయసులోనే కనబడుతుంది కనుక ఈ లెక్కను మనం మరింత శ్రద్ధగా చదవాలి.

కనుక మొదటిసారి ఈ పోటీకి పేరు ఇవ్వదలచిన మిత్రులకు నా మాటలు కొన్ని.

నలభై దాటినవారు రక్తపోటు, చక్కెర, కొలెస్ట్రాల్, ఇసిజి చూపించుకోండి. ఇంట్లో తండ్రికో అన్నదమ్ములకో చిన్న వయసులో గుండెపోటు వచ్చి ఉంటే హృద్రోగ నిపుణుడిని కలిసి, ఆయన చెబితే ట్రెడ్‌మిల్ పరీక్ష కూడా చేయించుకోండి. ఛాతీలో బరువు, మెట్లెక్కితే కొత్తగా ఆయాసం, కళ్లు తిరగడం ఉంటే సాధన ఆపి ముందు వైద్యుడి దగ్గరకు వెళ్లండి.

ఈత కొలనులో అలవాటు చాలదు. గజ ఈతగాడి తోడుతో, కాపాడేవారు ఉన్న చోట, బహిరంగ జలాలలో పలుమార్లు సాధన చేయండి.

దాహాన్ని బట్టి తాగండి. పోటీ ముగిశాక మీ బరువు పెరగకూడదు. ఉత్త నీళ్లే కాక ఉప్పు, చక్కెర ఉన్నవి తీసుకోండి. గంటగంటకూ తినవలసిన తిండిని సాధన రోజులలోనే కడుపుకు అలవాటు చేయండి.

పోటీ రోజున నొప్పి మాత్రలు వేసుకోకండి. నీరు తగ్గిన మూత్రపిండాలను అవి దెబ్బతీస్తాయి. చక్కెర జబ్బుకు, రక్తపోటుకు మందులు వాడేవారు ఆ రోజు మోతాదు సంగతి ముందే అడిగి తెలుసుకోండి. జ్వరం ఉంటే దిగవద్దు, కట్టిన రుసుము పోయినా సరే.

ఇవన్నీ చెప్పి మిమ్మల్ని భయపెట్టడం నా ఉద్దేశం కాదు. జపాన్‌కు చెందిన హిరోము ఇనాదా 2018లో 85 ఏళ్ల వయసులో కోనా పోటీని 17 గంటల గడువులోపల, మరికొన్ని నిమిషాలు మిగిలి ఉండగా పూర్తి చేశారు. ఆయన ఈ ఆట వైపు వచ్చినది ఉద్యోగ విరమణ తరువాతనే. అంటే, శరీరం ఆలస్యాన్ని క్షమిస్తుంది. ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా పెంచిన శ్రమను భరిస్తుంది. ఆరు వారాలలో అంతా సాధించాలనే తొందరను మాత్రం భరించదు.

మీలో అధికులు ఈ 226 కిలోమీటర్ల జోలికి పోరు, పోవలసిన అవసరమూ లేదు. వారానికి 150 నిమిషాల చురుకైన నడక గుండెకు చేసే మేలు చాలా పెద్దది. దూరం మీది, శరీరమూ మీదే. పేరు ఇచ్చే ముందు ఒకసారి రక్తపోటు చూపించుకోండి.

ఆరోగ్యమస్తు.