హృదయపు అణుచిత్రములలో రొద – సి. ఆర్. రావుగారి హద్దు

1975వ సంవత్సరమున మదరాసు పెరంబూరులోని రైల్వే ఆసుపత్రిలో డాక్టరు కె. ఎం. చెరియన్ హృదయధమనులకు బైపాస్ శస్త్రచికిత్స చేసెను. భారతదేశమున ఈ చికిత్సకు అదియే ఆరంభమని ప్రసిద్ధి. రైల్వే కర్మాగారముల నాశ్రయించి తెలుగువారు పెక్కుమంది స్థిరపడిన పేట పెరంబూరు; కావున ఆ వార్త వారికి ఇంటి వార్తయే.

ధమని యెచట మూసుకొన్నదో ఎక్స్‌రే చిత్రము చూపును. ఆ ధమనిచే పోషింపబడు కండరములో ఏ భాగము ఆకలిగొన్నదో తెలియుటకు వేరొక సాధనము కావలెను. అమెరికాలోని బ్రూక్‌హేవెన్ పరిశోధనాలయమువారు థాలియం-201ను వైద్యోపయోగమునకు తెచ్చిన వ్యాసమును ప్రకటించినదియు 1975లోనే. రక్తముతో పోయి ఇది హృదయ కండరమున చేరును. అది వెలువరించు కిరణములను, హాల్ ఆంగర్ 1950వ దశాబ్దమున కాలిఫోర్నియాలో నిర్మించిన గామా కెమెరా ఒక్కొక్కటిగా లెక్కించును.

చిక్కంతయు ఈ లెక్కలోనే యున్నది. కిరణములు వానచినుకులవలె క్రమము లేక వచ్చును. చిత్రములోని ఒక గడిలో సగటున 100 లెక్కలు పడునెడల, 10 అటునిటు మారుట సహజము. దీనినే శాస్త్రజ్ఞులు నాయిస్, అనగా రొద యనిరి. 10,000 పడినచో మార్పు 100 మాత్రమే, అనగా నూటి కొకటి. రొదను పదవ వంతునకు దింపుటకు లెక్కలు నూరు రెట్లు కావలెను. రోగి అంతసేపు కదలక పడుకొనలేడు, అంత మందు ఇచ్చుటకును వీలులేదు.

ఇరుగుపొరుగు గడులతో సగటు చేసి చిత్రమును నునుపు చేయుట సులభోపాయము. తొమ్మిది గడుల సగటు తీసినచో రొద మూడవ వంతగును. కాని 100 చొప్పున గల ఎనిమిది గడుల నడుమ 60 గల రోగగ్రస్తమైన గడి యున్నచో, అది దాదాపు 96గా కనబడును. రొదతో కూడ రోగమును మాయమైనది.

ఈ బేరమునకు గణితపు హద్దును చూపినవారిలో తెలుగుబిడ్డ యొకరు కలరు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తున గణితము చదివిన కల్యంపూడి రాధాకృష్ణ రావు, 1945లో కలకత్తా గణిత సంఘ పత్రికలో ఒక వ్యాసము ప్రకటించెను. ఎటును మొగ్గని అంచనా యేదైనను, దాని చాంచల్యము ఒక మేరకు దిగువకు దిగదని అందు నిరూపించెను. స్వీడను దేశపు క్రామెర్ వేరుగా ఇదే కనుగొనుటచే దీనికి క్రామెర్–రావు హద్దని పేరు. నునుపు చేయువాడు ఈ హద్దును దాటుచున్నట్లు తోచును. నిజమునకు అతడు మొగ్గును మూల్యముగా చెల్లించుచున్నాడు.

అందుచే అసలు మేలు మందుల వలననే కలిగినదనవలెను. థాలియం అర్ధాయుష్షు సుమారు 73 గంటలు. కావున స్వల్పమాత్రయే ఈయవలెను. టెక్నీషియం-99ఎమ్ అర్ధాయుష్షు 6 గంటలే. ఎక్కువ మాత్ర ఇచ్చి ఎక్కువ కిరణములను పొందవచ్చును. 1990లో దాని సెస్టమిబి మందునకు అమెరికాలో అనుమతి లభించెను. గణితమున షెప్, వార్డీలు 1982లో, హడ్సన్, లార్కిన్‌లు 1994లో, కిరణముల యాదృచ్ఛికతను లెక్కకు తెచ్చుకొనుచు అంచెలంచెలుగా చిత్రము కట్టు పద్ధతుల నిచ్చిరి.

ఇటీవల కంప్యూటరుకు వేలకొలది చిత్రములను నేర్పి, కొద్ది లెక్కలతోనే నిండు చిత్రము వ్రాయించుచున్నారు. అది పూరించునది ఇతర రోగుల గుండెల నుండి నేర్చినదే. 60 గల గడిని అది 96గా వ్రాసినను చిత్రము చూచుటకు సొంపుగానే యుండును. కనుక మెరుగుపెట్టిన చిత్రముతోబాటు కెమెరా తొలుత పట్టిన మూలచిత్రములను గూడ త్రిప్పిచూచి, రోగి కదలెనా, లెక్కలు చాలినవా యని వైద్యులు పరీక్షించుచుందురు.