మేరు అమ్మాయిలు, రేజర్ బ్లేడ్లు

బ్రిటన్‌లో నర్సులుగా, మిడ్‌వైఫులుగా పనిచేస్తున్న మనవాళ్ళకి ఎఫ్‌జీఎం అన్న మాట కొత్త కాదు. 18 ఏళ్ళలోపు పిల్లకి అది జరిగినట్టు డ్యూటీలో తెలిస్తే పోలీసులకి చెప్పి తీరాలని 2015 అక్టోబరు నుంచి ఇంగ్లండ్, వేల్స్‌లలో రూలు. మిగతావాళ్ళ కోసం ఒక్క ముక్క: వైద్యపరంగా ఏ అవసరమూ లేకుండా ఆడపిల్ల జననాంగంలో కొంత భాగాన్ని కోసెయ్యడం. కొందరు సున్తీ అంటారు గానీ, మగపిల్లల సున్తీతో దీనికి పోలికే లేదు. రక్తస్రావం, ఇన్ఫెక్షన్లు, మూత్రానికి బాధ, కాన్పులో కష్టాలు, ఒకదాని వెంట ఒకటి వస్తాయి.

"పాపం తెలియక చేయించుకుంటారు, చట్టం పెడితే ఆగిపోతుంది కదా" అనిపిస్తోందా మీకు? అయితే 1956లో కెన్యాలో ఏం జరిగిందో చదవండి.

కెన్యా పర్వతానికి ఈశాన్యం వైపు మేరు ప్రాంతం. అప్పుడది బ్రిటిష్ పాలన, పైగా మౌ మౌ తిరుగుబాటు రోజులు. మేరులో న్జూరి న్చెకె అని పెద్దల సభ ఉంది, అంతా మగవాళ్ళే. తెల్ల అధికారుల ప్రోద్బలంతో ఆ ఏప్రిల్‌లో సభ ఈ కోతని నిషేధించింది. కోసేది ఆడవాళ్ళు, కోయించుకునేది ఆడపిల్లలు, తీర్మానం మాత్రం మగవాళ్ళది!

అమ్మాయిలు ఏం చేశారో తెలుసా? దుకాణాలకి వెళ్ళి రేజర్ బ్లేడ్లు కొనుక్కున్నారు. గుంపులుగా పొదల్లోకి పోయి ఒకరినొకరు కోసుకున్నారు. వాళ్ళకి 'న్గైతానా' అని పేరు పడింది. 'నాకు నేనే చేసుకుంటా' అని దానర్థం. మూడేళ్ళలో నిషేధం మీరారని 2,400 మందికి పైగా కోర్టుల్లో కేసులు పడ్డాయి. లిన్ థామస్ అనే చరిత్రకారిణి ఆ తరం ఆడవాళ్ళని స్వయంగా కలిసి, అడిగి ఇదంతా రాశారు.

అంత మొండితనం ఎందుకు? కోత జరగని పిల్ల అక్కడ ఎంత ఎదిగినా చిన్నపిల్లే. పెళ్ళికి పనికిరాదు, కడుపొస్తే అప్రతిష్ఠ. కోత తర్వాత పిల్లని విడిగా ఉంచి, మంచి తిండి పెట్టి, సంసారం సంగతులు పెద్దవాళ్ళు నేర్పేవారు. మన వైపు పెద్దమనిషైన పిల్లని కూర్చోబెట్టడం మీకు గుర్తొస్తుంది, కత్తి ఒక్కటే తేడా. నిషేధం పెట్టినవాళ్ళు 'వద్దు' అన్నారే గానీ, ఆ పిల్ల ఇక పెద్దది ఎలా అవుతుందో చెప్పలేదు.

దానికి జవాబు దొరకడానికి 40 ఏళ్ళు పట్టింది. 1996లో, మేరు పక్కనే ఉన్న థరాకాలో, మైందేలేయో యా వనావకే అనే మహిళా సంస్థ తల్లులతో, కూతుళ్ళతో కూర్చుని మాట్లాడి కొత్త వేడుక మొదలుపెట్టింది. పేరు 'మాటలతో సున్తీ'. వారం రోజులు పిల్లల్ని విడిగా ఉంచి శరీరం గురించి, గర్భం గురించి నేర్పడం, చివరి రోజు ఊరందరి ముందు పండగ. అన్నీ ఉన్నాయి, బ్లేడు లేదు. మొదటిసారి 30 కుటుంబాల దాకా ఒప్పుకున్నాయి.

కెన్యాలో 2011లో గట్టి చట్టమూ వచ్చింది. 15–49 ఏళ్ళ ఆడవాళ్ళలో కోత జరిగినవాళ్ళు 1998లో 38 శాతం, 2022లో 15 శాతం. అయితే అక్కడి సోమాలీల్లో ఇప్పటికీ పదిమందిలో దాదాపు తొమ్మిదిమందికి జరిగింది. వాళ్ళలో ఊరందరి వేడుక ఉండదు. చిన్నప్పుడే, ఇంట్లోనే అయిపోతుంది. కాబట్టి థరాకా మందు అక్కడ పారదు.

మన యాంటీనేటల్ క్లినిక్కులకి వచ్చేవాళ్ళలో సోమాలీ తల్లులు చాలామంది. నేనైతే ఫారం తీసే ముందు, "మీ భాషలో దీన్నేమంటారు?" అని అడుగుతాను. చాలామంది అక్కడినుంచి వాళ్ళంతట వాళ్ళే మాట్లాడతారు.